మోషిలో వాలంటీరుగా ఉంటూ ఫ్రెండ్స్‌తో కిలిమంజారో ఎక్కొచ్చా? రెండుసార్లు వెళ్ళిన అనుభవంతో చెప్తున్నా

ముందు ప్రశ్న ఏంటో క్లుప్తంగా మళ్ళీ రాస్తా, కొత్తగా చదివేవాళ్ళకి అర్థమవుతుంది. అడిగినాయనది విజయవాడ, 24 ఏళ్ళు, మార్చి నుంచి జూలై దాకా టాంజానియాలో మోషి దగ్గర ఒక స్కూల్లో లెక్కలు చెప్పడానికి వాలంటీరుగా వెళ్తున్నారు. అక్కడికే వస్తున్న ఇంకో నలుగురు వేరే దేశాల వాళ్ళు ఇప్పటికే వాట్సాప్ గ్రూప్ పెట్టేసి, ఈస్టర్ సెలవులకి ఒక రోజు కలుపుకుని 5 రోజుల్లో కిలిమంజారో ఎక్కేద్దాం, చౌకగా అయిపోతుంది అంటున్నారట. "నేను ఇప్పటిదాకా ఎక్కింది ఇంద్రకీలాద్రి, మంగళగిరి మెట్లే, నా వల్ల అవుతుందా? అమ్మ అస్సలు ఒప్పుకోవట్లేదు" అని అడిగారు.

వెళ్ళండి. కానీ ఈస్టర్‌కి వద్దు, 5 రోజుల్లో అసలు వద్దు. జూన్‌లో స్కూళ్ళకి సెలవులిస్తారు, అప్పుడు 7 రోజులు పెట్టుకుని వెళ్ళండి. మీ వల్ల అవుతుందా అంటే కాళ్ళ సంగతైతే మూడు నెలల్లో అవుతుంది. మీ ప్లాన్‌లో నాకు భయం వేసింది రెండిటికి, ఒకటి ఆ 5 రోజులు, రెండోది ఒకళ్ళకొకళ్ళు ఇంకా సరిగ్గా తెలియని ఐదుగురు కలిసి ఎక్కడం. ఈ రెండోదాని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తా.

నాది గుంటూరు, బ్రాడీపేట, ఫిజియోథెరపిస్టుని. 2017లో నేనూ మోషిలోనే నాలుగు నెలలు వాలంటీరుగా చేశా, పిల్లల పునరావాస కేంద్రంలో. ఆ ఏడాది ఎక్కబోయి మధ్యలో దిగొచ్చా, మళ్ళీ 2019 సెప్టెంబరులో వెళ్ళి పైదాకా ఎక్కా. అప్పట్నుంచి ఇలాంటి ట్రెక్కులకి వెళ్ళే మనవాళ్ళకి ఆదివారాలు కొండవీడులో ప్రాక్టీసు చేయిస్తున్నా.

5 రోజులు ఎందుకు వద్దంటున్నానో లెక్క చూడండి. కిలిమంజారో శిఖరం, అదే ఉహురు పీక్, 5895 మీటర్లు. 5 రోజుల్లో అని ఎవరైనా అమ్ముతున్నారంటే అది దాదాపు ఎప్పుడూ మరంగు రూటే, ఆ కొండ మీద మంచాలున్న గుడిసెల్లో పడుకునే రూట్ అదొక్కటే, మిగతావన్నీ టెంట్లు. మొదటి రాత్రి మండారా హట్ 2720 మీటర్లు, రెండో రాత్రి హోరొంబో 3720, మూడో రాత్రి కిబో 4720, ఆ రాత్రే పన్నెండింటికి లేచి 5895కి ఎక్కాలి. అంటే పడుకునే చోటు రోజుకి వెయ్యి మీటర్లు చొప్పున పెరుగుతోంది. ఎత్తు జబ్బు, అదే పైకి పోయేకొద్దీ ఆక్సిజన్ చాలక వచ్చే జబ్బు, దాని గురించి డాక్టర్లు చెప్పే లెక్కేమో 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగమని. మన విజయవాడ సముద్రమట్టానికి పట్టుమని పాతిక మీటర్ల ఎత్తు కూడా ఉండదు, అక్కడ పుట్టి పెరిగిన ఒళ్ళు అది. పైన శిఖరం దగ్గర గాలి ఒత్తిడి మన ఊళ్ళో ఉండేదాంట్లో దాదాపు సగమే, ప్రతి ఊపిరికీ అందే ఆక్సిజన్ సగమే అన్నమాట.

ఇంకో అపోహ, ఇది వాలంటీర్లందరికీ ఉంటుంది, మాకూ ఉండేది. "మూడు నెలల్నుంచి కొండ కిందే ఉంటున్నాం కదా, అలవాటైపోయి ఉంటుంది" అని. మోషి ఊరు ఉండేది 900 మీటర్ల లోపే. పొద్దున్నే లేచి మంచు శిఖరాన్ని చూస్తూ పళ్ళు తోముకున్నంత మాత్రాన ఒంటికి ఎత్తు అలవాటవదు. అక్కడ ఏడాది ఉన్నా ఒకటే, నిన్న ఫ్లైట్ దిగినా ఒకటే.

ఈస్టర్ ఎందుకు వద్దంటే, మార్చి చివర్నుంచి మే దాకా అక్కడ పెద్ద వానల కాలం. కింద వాన, పైన మంచు, టెంటు తడి, బట్టలు తడి, తడిసిన వాడికి చలి తట్టుకోవడం ఇంకా కష్టం. జూన్ నుంచి అక్టోబర్ దాకా పొడిగా ఉంటుంది. చలి ఎక్కువే కానీ దారి బావుంటుంది.

నేనైతే చెప్పేది 7 రోజుల మచామే రూట్, డబ్బులుంటే 8 రోజుల లెమోషో. మచామేలో మూడో రోజు లావా టవర్ అనే చోటికి, దాదాపు 4600 మీటర్లకి ఎక్కించి, అక్కడ మధ్యాహ్నం భోజనం పెట్టి మళ్ళీ కిందకి 3950 దగ్గర బరాంకో క్యాంపుకి దించి పడుకోబెడతారు. ఎత్తుకి ఎక్కు, కింద పడుకో, అదే సూత్రం. ఆ రోజు సాయంత్రం నాకు వచ్చిన తలనొప్పి కిందకి దిగిన గంటన్నరలో పోయింది, ఈ సూత్రం ఎందుకు పెట్టారో అప్పుడు నా ఒంటితోనే అర్థమైంది. అదే మచామే 6 రోజుల్లో చేస్తే కరంగా క్యాంపులో ఒక రాత్రి ఎగిరిపోతుంది, ఆ ఒక్క రాత్రి కోసం డబ్బులు మిగుల్చుకోకండి. గుడిసెల్లోనే పడుకుంటాం, టెంట్లు మావల్ల కాదు అంటే మరంగులోనే 6 రోజులు తీసుకుని హోరొంబోలో రెండు రాత్రులు ఉండండి, 5 కంటే చాలా నయం.

ఇప్పుడు 2017 సంగతి. మేం ఐదుగురం, నేను తప్ప మిగతా వాళ్ళంతా వేరే దేశాల వాళ్ళు. సెంటర్లో సెలవు 5 రోజులే ఇచ్చారు, ఊళ్ళో అందరికంటే తక్కువ చెప్పిన ఒక ఏజెన్సీలో డబ్బులు కట్టేశాం. ఐదుగురికి ఒక గైడు, ఒక అసిస్టెంటు. హోరొంబోలోనే మాలో ఒకమ్మాయికి రాత్రి రెండుసార్లు వాంతులయ్యాయి, పొద్దున ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, "నావల్ల మీ అందరి ట్రిప్ పాడవుతుందేమోనని" అంది. నాకూ కిబో చేరేసరికి తల పగిలిపోతోంది, నేనూ చెప్పలేదు, అదే కారణం. ఫిజియోని అయ్యుండి నేనే దాచా. రాత్రి పన్నెండింటికి బయల్దేరాం, హాన్స్ మేయర్ గుహ అని ఒకటుంటుంది 5100 దాటాక, అక్కడికి కొంచెం కింద ఆ అమ్మాయి చేతి గ్లౌజులో బొటనవేలు ఎక్కడ దూర్చాలో తెలీక దాన్ని చూస్తూ నిలబడిపోయింది. మనిషి నిద్రమత్తులో ఉందేమో అనుకున్నాం. అసిస్టెంట్ గైడు మాత్రం వెంటనే తనని ఒక గీత మీద మడమకి వేలు ఆనించి నడవమన్నాడు, మూడో అడుగుకి పక్కకి తూలిపోయింది. మెదడులో వాపు మొదలైందని గుర్తు అది. ఇంకేం మాట్లాడకుండా తనని పట్టుకుని కిందకి దించేశాడు.

మేం నలుగురం ఒక్క గైడుతో పైకి నడిచాం. గుహ దాటిన కాసేపటికి గైడు నన్ను ఆపి ఏదో అడిగాడు, నేను సమాధానం చెప్పా, అతను మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పా. నా పక్కనున్న జర్మనీ అతను భయంగా చూస్తున్నాడు. నేను తెలుగులో మాట్లాడుతున్నా. ఆ సంగతి నాకే తెలీదు. ఇంగ్లీషులోనే చెప్తున్నా అనుకుంటున్నా. నన్ను దించాలి, కానీ గైడు ఒక్కడే ఉన్నాడు, మిగతా ముగ్గుర్నీ అక్కడ చలిలో వదల్లేడు కాబట్టి ఐదుగురిలో ఎవ్వరూ పైకి వెళ్ళకుండా అందరం దిగాల్సొచ్చింది. బాగున్న ముగ్గురూ ఏడ్చుకుంటూ దిగారు. హోరొంబో చేరేసరికి ఆ అమ్మాయీ నేనూ ఇద్దరం మామూలు మనుషులమయ్యాం, ఎత్తు జబ్బుకి అసలు మందు కిందకి దిగడమే.

అందుకే మీకు నేను చెప్పే ముఖ్యమైన మాటలు ఇవి, బయల్దేరే ముందు రోజు ఐదుగురూ కూర్చుని గట్టిగా మాట్లాడుకోండి.

ఒకళ్ళు దిగిపోతే మిగతా వాళ్ళ ట్రిప్ ఆగకూడదు. దానికి ఏజెన్సీనే అడగాలి, ఐదుగురికి ఎంతమంది గైడ్లు, శిఖరానికి వెళ్ళే రాత్రి ఎంతమంది తోడొస్తారు అని. ఇద్దరికి ఒకళ్ళు చొప్పున ఉంటే ఎవరు దిగినా మిగతా వాళ్ళు వెళ్ళొచ్చు. ఈ ఒక్క ఏర్పాటు ఉంటే చాలు, సగం మంది జబ్బు దాచడం మానేస్తారు. ఎందుకంటే దాచేది భయంతో కాదు, స్నేహం కొద్దీ దాస్తారు. మీరు ఎవరి ట్రిప్పూ పాడు చెయ్యట్లేదని తెలిస్తే నోరు తెరుస్తారు.

పొద్దున, రాత్రి నాలుగు ప్రశ్నలు. తలనొప్పి, కడుపు, నీరసం, కళ్ళు తిరగడం. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కు అందరి ముందూ పైకి చెప్పాలి. డాక్టర్లు వాడే లేక్ లూయీస్ స్కోరు ఇదే పద్ధతిలో ఉంటుంది. తలనొప్పితో పాటు మొత్తం మూడో ఆపైనో వస్తే ఆ రోజు ఇంక ఎత్తుకి వెళ్ళడం లేదు, ఆగి చూడాలి. తగ్గకపోతే, పెరిగితే దిగాలి. తూలినా, మాట తడబడినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం ఆగకపోయినా, దగ్గుతో నురగ పడినా మార్కులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, అర్ధరాత్రి అయినా సరే ఆ నిమిషమే దిగడం మొదలుపెట్టాలి.

మీ ఫ్రెండ్స్‌కి పది తెలుగు మాటలు నేర్పండి. చాలామంది ఇది విని వింతగా చూస్తారు. 2019లో నాతో వచ్చిన ముగ్గురికీ "తలనొప్పి", "కళ్ళు తిరుగుతున్నాయి", "కిందకి", "చలి", "నీళ్ళు", "వద్దు" అన్నీ నేర్పించా. వాళ్ళ భాషల్లో అవే మాటలు నేనూ నేర్చుకున్నా. బుర్ర సరిగ్గా పని చెయ్యనప్పుడు మనిషి అమ్మ నేర్పిన భాషలోకి వెళ్ళిపోతాడు, అక్కడ మీ భాష తెలిసినవాళ్ళు ఇంకొకళ్ళు ఉండరు. మీరు ఉన్నట్టుండి తెలుగులోకి మారితే అదే ప్రమాద గుర్తని కూడా వాళ్ళకి చెప్పి ఉంచండి. గైడ్లు స్వాహిలీలో "పోలే పోలే" అంటుంటారు, మెల్లగా మెల్లగా అని, అది మీకు మొదటి గంటలోనే వచ్చేస్తుంది. నడక నిజంగా అంత మెల్లగానే ఉండాలి, పక్కవాళ్ళతో కబుర్లు చెప్పగలిగే వేగంలో.

డబ్బుల సంగతి. చౌక అంటున్నారు కదా, నేను 2019లో వెళ్ళినప్పటి లెక్క చెప్తా. పార్కు ఫీజు రోజుకి 70 డాలర్లు, క్యాంపుకి రాత్రికి 50, రెస్క్యూ ఫీజు 20, వాటన్నిటి మీద 18 శాతం ట్యాక్స్. 7 రోజులు 6 రాత్రులకి కలిపితే 950 డాలర్లు దాటుతుంది, ఇది ప్రభుత్వానికి కట్టేదే, దీంట్లో ఎవరూ తగ్గించలేరు. ఇప్పటి రేట్లు మారుంటే వాటితోనే మీరు ఇదే లెక్క వేసుకోండి. ఇంక ఎవరైనా మొత్తం 1100కి తీసుకెళ్తా అన్నారంటే గైడు జీతం, వంటవాడు, తిండి, టెంటు, మీ మూట మోసే పోర్టర్లు అందరికీ కలిపి మిగిలేది ఆ 150 డాలర్లే. అది ఎవరి కడుపు కొట్టి తగ్గిస్తున్నారో మీరే ఆలోచించండి. 2017లో మా మూటలు మోసిన కుర్రాడు రబ్బరు చెప్పులతో 4700 దాకా వచ్చాడు, అది చూసి కూడా మేం చౌకగా కుదిరిందని సంబరపడ్డాం, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పిల్లలకి సేవ చెయ్యడానికి వెళ్ళినవాళ్ళం కదా, వాళ్ళ నాన్నలు మన మూట మోస్తారు. పోర్టర్ల సహాయం కోసం 2003 నుంచి మోషిలోనే కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అని ఒక సంస్థ ఉంది, పోర్టర్లని సరిగ్గా చూసుకునే కంపెనీల జాబితా వాళ్ళ దగ్గర దొరుకుతుంది, అందులోంచి ఎంచుకోండి. ఒక పోర్టరు 20 కిలోలకి మించి మోయకూడదని రూల్, గేటు దగ్గర తూస్తారు, మీరు కూడా దగ్గరుండి చూడండి. టిప్పులకి తలా 200 డాలర్లకి పైనే పక్కన పెట్టుకోండి. గైడు లేకుండా ఎక్కడం 1991 నుంచీ కుదరదు, గైడు లేకుండా మనమే వెళ్దాం అని గ్రూపులో ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి.

అంత డబ్బు లేకపోతే? సిగ్గుపడాల్సిన పనేం లేదు. మరంగు గేటు నుంచి మండారా హట్ దాకా ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు, అడవి అద్భుతంగా ఉంటుంది, నల్లా తెల్లా బొచ్చున్న కోలబస్ కోతులు కనిపిస్తాయి. లేదా అరూషా వైపు మేరు పర్వతం, 4566 మీటర్లు, మూడు నాలుగు రోజులు, దారిలో అడవి దున్నలుంటాయి కాబట్టి తుపాకీతో రేంజరు తోడొస్తాడు. నా దృష్టిలో అందంలో మేరు ఏం తక్కువ కాదు. టైమూ డబ్బూ రెండూ ఉన్నవాళ్ళు ముందు మేరు ఎక్కి ఒక రోజు ఆగి కిలిమంజారో ఎక్కుతారు, అదైతే ఒళ్ళు ఎత్తుకి చక్కగా అలవాటు పడుతుంది.

మందులు. డయామాక్స్, అంటే ఎసిటజోలమైడ్, ముందు జాగ్రత్తకి మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి మొదలుపెడతారు. సల్ఫా మందులు పడనివాళ్ళు, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా ముట్టుకోకూడదు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, అందుకని ఇక్కడే ఇంట్లో ఉండగా రెండు రోజులు వేసుకుని చూడండి, మీకెలా ఉంటుందో తెలుస్తుంది. అది వేసుకున్నామని 5 రోజుల్లో ఎక్కేయొచ్చనుకోవడం తప్పు. నిద్రమాత్రలు, మద్యం, రెండూ కొండ మీద వద్దు. మోషిలో మలేరియా ఉంటుంది, నివారణకి డాక్సీసైక్లిన్ వాడుతుంటే ఎండకి చర్మం త్వరగా కాలుతుంది, పైన ఎండ మామూలుగా ఉండదు కాబట్టి టోపీ, క్రీము మర్చిపోవద్దు. కొండ మీద జ్వరం వస్తే ఎత్తు వల్లే అనుకోకుండా దిగి మలేరియా టెస్టు చేయించుకోండి.

ఇన్సూరెన్సు కాగితంలో ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుందో చదవండి, చాలా పాలసీలు తక్కువ ఎత్తులోనే ఆగిపోతాయి. మీకు 6000 మీటర్ల దాకా ట్రెక్కింగు, హెలికాప్టరు ఖర్చు రెండూ రాసి ఉండాలి. ఇంకోటి, కొండతో సంబంధం లేదు కానీ చెప్తున్నా, వాలంటీరు పనికి టూరిస్ట్ వీసా చెల్లదు, క్లాస్ సి పర్మిట్ కావాలి, మీ సంస్థ దాని గురించి ఏం చెప్పిందో ఇప్పుడే అడగండి.

ప్రాక్టీసు. ఇంద్రకీలాద్రి, మంగళగిరి మెట్లు ఊపిరికి మంచివే, కానీ గుడి మెట్లు ఒట్టి కాళ్ళతో ఎక్కుతాం, అక్కడ బూట్లతో పని. కొండపల్లి ఖిల్లా, కొండవీడు, గాంధీ హిల్, ఇవి వాడుకోండి. బ్యారేజీ మీద వాకింగ్ చాలదు, ఎత్తూ పల్లం ఉండాలి. వారానికి మూడు రోజులు అపార్ట్‌మెంట్ మెట్లు, ఆదివారం నాలుగైదు గంటలు కొండ. వీపున బ్యాగులో నీళ్ళ సీసాలు పెట్టి 3 కిలోలతో మొదలుపెట్టి 8 దాకా పెంచండి. ఎండ ముదరకముందే ఉదయం 5 కల్లా మొదలుపెట్టాలి. దిగడం ప్రాక్టీసు చెయ్యండి, ఇది ఫిజియోగా చెప్తున్నా. శిఖరం ఎక్కిన రోజే ఉహురు నుంచి దాదాపు 3100 దగ్గరున్న మ్వేకా క్యాంపు దాకా దిగాలి, అంటే ఒక్క రోజులో 2800 మీటర్లు కిందకి, అక్కడ మోకాళ్ళు ఏడుస్తాయి. మెట్టు మీద ఒంటికాలితో నిలబడి రెండో కాలి మడమ మెల్లగా కింద మెట్టుకి తాకించి మళ్ళీ పైకి, ఒక్కో కాలికి పదిహేను, రోజూ చెయ్యండి. బూట్లు ఇక్కడే కొని కనీసం రెండు నెలలు తొడిగి కాళ్ళకి అలవాటు చేసుకోండి.

తిండి గురించి ఎక్కువ భయపడకండి. ఉగాలి అని మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటి లాగే ఉంటుంది. 4000 దాటాక ఆకలి చచ్చిపోతుంది, బలవంతంగా తినాలి. నేను రెండోసారి చిన్న డబ్బాలో మన కారప్పొడి, నువ్వుల ఉండలు తీసుకెళ్ళా, వేడి సూపులో ఆ కారప్పొడి వేసుకుని తాగితేనే లోపలికి దిగింది, ఫ్రెండ్స్ కూడా అడిగి మరీ వేసుకున్నారు. శిఖరం రాత్రి మైనస్ 10, 15 దాకా పోతుంది. నీళ్ళ సీసా తలకిందులుగా పెట్టుకోండి, గడ్డకట్టేది పైనుంచి కాబట్టి మూత తెరుచుకుంటుంది. ఫోను లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోకపోతే బ్యాటరీ పడిపోతుంది.

ఇంక అమ్మగారి సంగతి. మా ఇంట్లో మా నాన్న మల్లి మస్తాన్‌బాబు గారి పేరు చెప్పి వద్దన్నారు. నెల్లూరు జిల్లా మనిషి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కారు, కిలిమంజారో కూడా అందులో ఒకటే, 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం పోయింది. అంతటి ఆయనకే అలా అయితే నువ్వెంత అన్నారు నాన్న. నేను వాదించలేదు, ఆ భయం అబద్ధం కాదు కదా. కూర్చోబెట్టి రోజువారీ ప్లాన్ కాగితం మీద రాసిచ్చా, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటా, ఏమైతే దిగిపోతా, గైడు నంబరు ఏంటి, ఇన్సూరెన్సు కాగితం ఏంటి, ఏ తేదీ సాయంత్రానికి ఫోన్ చేస్తా, చెయ్యకపోతే ఎవరికి చెయ్యాలి. ఫోన్ చేసే తేదీకి ఒక రోజు కలిపి చెప్పండి, పైన సిగ్నల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. ఆ కాగితం మా నాన్న పూజ గదిలో పెట్టుకుని రోజూ టిక్కు కొట్టుకున్నారట.

ఒకటి మాత్రం చెయ్యకండి. "శిఖరం ఎక్కుతా, స్కూలుకి విరాళాలివ్వండి" అని ఇక్కడ బంధువుల దగ్గర డబ్బులు పోగెయ్యకండి. స్కూలుకి అడగాలనుకుంటే స్కూలు పేరుతోనే అడగండి. పైన దిగిపోవాల్సిన క్షణంలో ఆ డబ్బులిచ్చిన వాళ్ళ మొహాలు గుర్తొస్తాయి, అప్పుడు అడుగు వెనక్కి పడదు.

2019లో మేం నలుగురం, అందులో ఒకతను శిఖరానికి ముందు చివరిదైన బరాఫు క్యాంపులో రాత్రి పదకొండింటికి తన మార్కులు తనే చెప్పి, "నాకు ఐదు, నేను రావట్లేదు, మీరు వెళ్ళండి" అని ఒక గైడుతో దిగిపోయాడు. మేం ముగ్గురం ఉదయం ఏడున్నరకి ఉహురు చేరాం. మర్నాడు మ్వేకా గేటు దగ్గర మాకోసం వేడి టీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మీకు సల్ఫా అలర్జీ గానీ ఉబ్బసం గానీ ఏమైనా ఉన్నాయా అన్నది రాయలేదు, అది చెప్పండి. మోకాలికి పాత దెబ్బలుంటే అవి కూడా. ప్రాక్టీసు ప్లాన్ దాన్నిబట్టి మారుస్తా.